రత్నగంధి పువ్వు వెనుక చరిత్ర

రత్నగంధి మొక్క మనలో చాలామందికి తెలుసు. ఆశ్రమ పాఠశాల గేటు పక్కన, పంచాయతీ ఆఫీసు ముందు, గుడి ఆవరణలో పెంచుతుంటారు. ఎరుపు, పసుపు కలిసిన రేకులు, వాటి మధ్య నుంచి పొడవుగా బయటికి వచ్చిన కేసరాలు, కొమ్మలకు ముళ్లు, చిక్కుడులా చదునైన కాయలు ఉంటాయి. అందం కోసం పెంచే మొక్క అని తప్ప దీని గురించి మన పాఠాల్లో మరేమీ ఉండదు. కానీ 1705లో ఆంస్టర్‌డామ్ నగరంలో అచ్చయిన ఒక పుస్తకంలో ఈ పువ్వు బొమ్మ పక్కన కొన్ని వాక్యాలున్నాయి. తమ పిల్లలు బానిసలుగా పుట్టకూడదని గర్భాన్నే పోగొట్టుకున్న స్త్రీల మాట అది. దాన్ని రాసింది ఒక యాత్రికురాలు, చెప్పింది బానిసలుగా బతికిన ఆ స్త్రీలే. రాసినామె పేరు ప్రపంచానికి తెలుసు. చెప్పినవాళ్ల పేరు ఒక్కటి కూడా ఆ పుస్తకంలో లేదు.

ఆ యాత్రికురాలు ఆ వేడి దేశంలో ఏమేం చూసింది, ఎవరు చూపిస్తే చూసింది, ఎవరు చెబితే రాసుకుంది అన్నదే ఈ వ్యాసం. సముద్రాల అవతలి సంగతి మనకెందుకు అనిపించవచ్చు. మన కొండల్లోకి కూడా ఇలాంటివాళ్లు వచ్చారు, ఇప్పటికీ వస్తున్నారు. అందుకే ఇది మనం తెలుసుకోవలసిన చరిత్ర.

యాభై రెండేళ్లకు సముద్ర ప్రయాణం

ఆమె పేరు మరియా సిబిల్లా మెరియన్. 1647లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. తండ్రి బొమ్మలు చెక్కి పుస్తకాలు అచ్చువేసేవాడు. ఆయన చిన్నప్పుడే చనిపోతే, మారుతండ్రి దగ్గర పూల బొమ్మలు వేయడం నేర్చుకుంది. పదమూడేళ్ల వయసు నుంచే పట్టుపురుగులను, గొంగళిపురుగులను పెంచి, అవి ఏ ఆకు తింటాయో, ఎప్పుడు గూడు కడతాయో, ఏ సీతాకోకచిలుకగా బయటికి వస్తాయో రాసుకునేది. పురుగులు బురదలో నుంచి, కుళ్లులో నుంచి వాటంతటవే పుడతాయని ఐరోపాలో చాలామంది నమ్మే రోజులవి. గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా అన్ని దశలనూ, అది తినే మొక్కతో సహా ఒకే బొమ్మలో చూపించడం ఆమె ప్రత్యేకత.

భర్త నుంచి విడిపోయి, ఇద్దరు కూతుళ్లతో ఆంస్టర్‌డామ్ చేరిన మెరియన్ అక్కడి ధనవంతుల ఇళ్లలో దూర దేశాల సీతాకోకచిలుకలను చూసింది. అవన్నీ చచ్చి, సూదులు గుచ్చి, పెట్టెల్లో అమర్చినవి. అవి ఏం తిని పెరిగాయో చెప్పేవాళ్లు లేరు. అది స్వయంగా చూడాలని తన బొమ్మలు అమ్మి డబ్బు కూడగట్టుకుని, 1699లో చిన్న కూతురు డొరోతియాతో కలిసి ఓడ ఎక్కింది. అప్పటికి ఆమెకు యాభై రెండేళ్లు. ఆడవాళ్లు మగతోడు లేకుండా, అదీ పురుగుల కోసం, సముద్రం దాటడం ఆ కాలంలో ఎవరూ ఊహించని పని.

ఆమె వెళ్లిన దేశం

ఆమె చేరిన దేశం సురినామ్. దక్షిణ అమెరికా ఈశాన్య తీరంలో, భూమధ్యరేఖకు దగ్గరగా ఉంటుంది. ఏడాది పొడవునా వేడి, కుండపోత వానలు, పెద్ద నదులు, దట్టమైన అడవి. ఆ నేల లోకోనో, కాలిన్యా వంటి ఆదివాసులది. 17వ శతాబ్దం మధ్యలో ఇంగ్లీషువాళ్లు వచ్చి చెరకు తోటలు వేశారు. 1667లో డచ్చివాళ్లు ఆ ప్రాంతాన్ని పట్టుకున్నారు. తోటల్లో పనికి ఆఫ్రికా నుంచి మనుషులను ఓడల్లో బానిసలుగా తెచ్చారు. ఆదివాసులను కూడా పట్టి బానిసలుగా చేశారు. ఆదివాసులు తిరగబడ్డారు, ఏళ్ల తరబడి యుద్ధం జరిగింది. 1680లలో కుదిరిన ఒప్పందంతో కొన్ని తెగలవారిని బానిసలుగా పట్టకూడదన్న నియమం వచ్చింది. అయినా తోటల్లో, ఇళ్లలో ఆదివాసీ బానిసలు లేకుండా పోలేదు. పారిపోయిన ఆఫ్రికా బానిసలు అడవి లోపల సొంత ఊళ్లు కట్టుకుని, సరమాకా వంటి కొత్త ప్రజలుగా నిలబడ్డారు.

మెరియన్ పరమారిబో పట్నంలో ఇల్లు తీసుకుని, చుట్టుపక్కల అడవిలోకి వెళ్లి వస్తుండేది. సురినామ్ నది మీద ఎగువన ఉన్న ప్రొవిడెన్స్ అనే తోట దాకా కూడా వెళ్లింది. ఈ దేశంలో చక్కెర తప్ప వేరేదేదో వెతుకుతోందని తోటల యజమానులు తనను చూసి నవ్వారని ఆమే రాసింది. వాళ్లకు ఆ అడవి అంతా చెరకు వేయవలసిన ఖాళీ నేల. ఆమెకు అందులో ప్రతి ఆకు మీదా ఒక ప్రాణి కనిపించింది. ఆ తేడాను మనం గుర్తించాలి.

అయితే ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. అడవిలో అడుగు పెట్టలేనంత ముళ్లపొద ఉంటే, గొడ్డళ్లతో ముందు నడిచి దారి చేసింది ఆమె బానిసలు. చెట్లెక్కి కొమ్మలు దించింది, పురుగులు ఏరి తెచ్చింది వాళ్లు. తోట యజమానుల దురాశను విమర్శించిన ఆమె కూడా బానిసల చాకిరీ మీదే పని చేసింది. ఆమె పుస్తకాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టకూడదు.

పుస్తకం నిండా మనకు తెలిసిన మొక్కలే

ఆ దేశపు వేడి ఆమె ఒంటికి పడలేదు. జ్వరంతో మంచం పట్టింది. అది మలేరియా అయి ఉంటుందని చరిత్రకారులు అంటారు. అయిదేళ్లు ఉందామని వెళ్లిన మనిషి రెండేళ్లకే, 1701లో తిరిగి ఓడ ఎక్కింది. నాలుగేళ్లు కష్టపడి, రాగి రేకుల మీద చెక్కించిన 60 బొమ్మలతో సురినామ్ కీటకాల రూపాంతరాల గురించి పుస్తకం తెచ్చింది. డచ్చి భాషలో, లాటిన్‌లో అది 1705లో వెలువడింది.

ఆ బొమ్మలు చూస్తే మన మన్యం గుర్తుకొస్తుంది. మొదటి బొమ్మే అనాస పండు. ఇప్పుడు సీతంపేట కొండల్లో సవరలు పండించి సంతకు తెచ్చేది ఆ పండే. జామ, బొప్పాయి, పోడు భూముల్లో మనం వేసిన జీడిమామిడి, మన ఏజెన్సీలో జాఫ్రా గింజలని అమ్మే మొక్క, కర్రపెండలం కూడా ఆ పుస్తకంలో ఉన్నాయి. ఇవన్నీ అమెరికా ఖండపు ఆదివాసులు ఎన్నో తరాలుగా ఎంచి, పెంచి, వాడుకలోకి తెచ్చిన మొక్కలు. ఐరోపావారి ఓడల్లో ఇవి మన దాకా వచ్చాయి. ఓడ నడిపినవాడి దేశం మనకు పాఠంలో చెబుతారు. మొక్కను మచ్చిక చేసినవాళ్ల గురించి చెప్పరు.

కర్రపెండలం సంగతే చూడండి. దాని చేదు రకం దుంప రసంలో విషం ఉంటుంది. పచ్చి రసం తాగిన పశువులు, మనుషులు చచ్చిపోతారని మెరియన్ రాసింది. దుంపను తురిమి, పిండి, రసం పూర్తిగా తీసేసి, మిగిలిన పిండితో రొట్టె కాల్చుకుంటారనీ, అదే రసాన్ని మరగబెడితే తాగడానికి పనికొస్తుందనీ కూడా రాసింది. ఆమెకు ఇది ఒక వింత. కానీ ఒక విషపు దుంపను అన్నంగా మార్చుకోవడానికి ఎన్ని తరాల పరిశీలన కావాలో మనకు తెలుసు. చేదు అడవి దుంపలను ముక్కలు కోసి రాత్రంతా పారే గెడ్డలో ఉంచే మన అవ్వలకు, మామిడి టెంకలను నానబెట్టి వగరు పోగొట్టి అంబలి కాచే మన అమ్మలకు ఆ విద్య కొత్త కాదు. దీన్ని ఎవరూ ప్రయోగశాల అనలేదు. జరిగింది మాత్రం ప్రయోగమే.

పత్తి మొక్క బొమ్మ దగ్గర ఆదివాసులు నూలు వడికి ఊయల పడకలు అల్లుకుంటారని రాసింది. జాఫ్రా గింజలను నీళ్లలో నానబెట్టి, అడుగుకు దిగిన రంగుతో ఒంటి మీద బొమ్మలు వేసుకుంటారని రాసింది. మరో కాయ రసం ఒంటికి పూసుకుంటే నల్లగా మారి తొమ్మిది రోజుల దాకా పోదని కూడా రాసింది. మొక్కలకు అక్కడి ప్రజలు పిలిచే పేర్లనే ఉంచానని ముందుమాటలో చెప్పుకుంది. ఈ ఒక్క విషయంలో ఆమె తన కాలపు చాలామందికంటే నిజాయితీగా ఉంది.

ఆమె రాసినదంతా నిజం కాదు. ఆకులు కత్తిరించే చీమలను, దండులా కదిలి పురుగులను తినే చీమలను కలిపి ఒకటే జాతి అన్నట్టు రాసింది. ఒక రకం పురుగు తల రాత్రిపూట దీపంలా వెలుగుతుందని రాసింది. అది తప్పని తర్వాత తేలింది. జామకొమ్మ మీద పెద్ద సాలీడు చిన్న పిట్టను తింటున్నట్టు వేసిన బొమ్మ మీద మాత్రం పెద్ద గొడవే జరిగింది. 19వ శతాబ్దంలో కొందరు శాస్త్రజ్ఞులు దాన్ని కట్టుకథగా కొట్టిపారేశారు. తర్వాత హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు అమెజాన్ అడవిలో అలాంటి సాలీడు పిట్టలను పట్టడం స్వయంగా చూసి, 1863లో తన పుస్తకంలో రాశాడు. అడవిలో ఉండేవాళ్లకు తెలిసిన విషయం పుస్తకాల వాళ్లు ఒప్పుకోవడానికి నూట యాభై ఏళ్లకు పైగా పట్టింది.

నలభై అయిదో బొమ్మ

ఆ పుస్తకంలో నలభై అయిదో బొమ్మ మన రత్నగంధి. నెమలి పువ్వు అని దానికి పేరు పెట్టారు. ఆకుల మీద పురుగు, గూడు, పైన రెక్కల పురుగు, అన్నీ మామూలుగానే ఉన్నాయి. కానీ పక్కనున్న రాతలో ఆమె పురుగుల కంటే ముందు మనుషుల గురించి చెప్పింది. డచ్చి యజమానులు సరిగా చూడని ఆదివాసీ స్త్రీలు, తమలాగే తమ పిల్లలు కూడా బానిసలు కాకూడదని, ఈ మొక్క గింజలతో గర్భం పోగొట్టుకుంటారని రాసింది. గినియా, అంగోలా నుంచి తెచ్చిన నల్లజాతి బానిసలు కూడా పిల్లలు వద్దనుకుంటారనీ, బాధలు ఓర్వలేక కొందరు ప్రాణాలే తీసుకుంటారనీ, చనిపోతే తమ దేశంలో స్వేచ్ఛగా మళ్లీ పుడతామని నమ్ముతారనీ రాసింది. ఈ మాటలు వాళ్ల నోటి నుంచి తానే విన్నానని కూడా చెప్పింది.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. బానిస తల్లికి పుట్టిన బిడ్డ ఆ చట్టాల ప్రకారం యజమాని ఆస్తి. తల్లి కడుపు మీద కూడా యజమానికే హక్కు. అలాంటి చోట ఒక స్త్రీ చేతిలో మిగిలిన ఆఖరి ఆయుధం ఒక మొక్క గురించిన తెలివిడి. దాన్ని వాడిన తల్లి కడుపుకోత ఎంతటిదో పుస్తకం చెప్పదు. అయినా ఆ నాలుగు వాక్యాలు లేకపోతే, ఆ మాట కూడా మనకు అందేది కాదు.

ఇక్కడ ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ మొక్క గింజల్లో విషం ఉంది. చరిత్రగా దీన్ని పిల్లలకు చెప్పాలి. మందుగా ఎవరూ వాడకూడదని కూడా అప్పుడే చెప్పాలి.

పువ్వు వెళ్లింది, మాట వెళ్లలేదు

ఆ తర్వాత ఏం జరిగిందో లొండా షీబింగర్ అనే చరిత్రకారిణి 2004లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా చూపించింది. రత్నగంధి గింజలు ఐరోపాకు వెళ్లాయి. అక్కడి ఉద్యానవనాల్లో మొక్క పెరిగింది, పువ్వును అందరూ మెచ్చుకున్నారు. కానీ ఆ మొక్కకూ ఆ స్త్రీలకూ ఉన్న సంబంధం గురించిన జ్ఞానం ఐరోపా వైద్య గ్రంథాల్లోకి వెళ్లలేదు. పనికొచ్చే వేరు, బెరడు, గింజ ఏది దొరికినా ఓడలకెత్తిన ఆ రోజుల్లో దీన్ని మాత్రం పక్కన పెట్టారు. ఏ జ్ఞానాన్ని తీసుకోవాలో, దేన్ని మరుగున పడేయాలో కూడా పాలించేవాళ్ల అవసరాలే నిర్ణయిస్తాయని ఆమె వాదన.

శాస్త్రీయ నామం కథ ఇంకా విచిత్రం. లిన్నేయస్ ఈ మొక్కకు పాయిన్సియానా అనే పేరు స్థిరపరిచాడు. పాయిన్సీ అనే ఫ్రెంచివాడి గౌరవార్థం పెట్టిన పేరది. ఆయన బానిసలతో చెరకు, పొగాకు పండించిన కరీబియన్ దీవులకు గవర్నరు. ఏ బానిసత్వం నుంచి బిడ్డలను తప్పించడానికి స్త్రీలు ఆ మొక్కను వాడారో, ఆ బానిసత్వాన్ని నడిపిన గవర్నరు పేరు ఆ మొక్కకు తగిలింది. ఇప్పుడు వాడుతున్న సీసాల్పినియా అనే పేరు సీసాల్పినో అనే ఇటలీ వైద్యుడిది. ఏ పేరులోనూ సురినామ్ స్త్రీలు లేరు.

మెరియన్ తిరిగి వచ్చేటప్పుడు ఒక ఆదివాసీ స్త్రీని కూడా ఆంస్టర్‌డామ్ తీసుకొచ్చింది. పుస్తకంలోని చాలా సంగతులకు ఆ స్త్రీ సహాయం ఉండి ఉంటుందని చరిత్రకారుల అంచనా. ఆమె పేరు పుస్తకంలో లేదు. మెరియన్ బొమ్మను మాత్రం జర్మనీ తన 500 మార్కుల నోటు మీద అచ్చువేసింది.

పేరు రాసినంత మాత్రాన

ఆ కాలంలో చెప్పినవాళ్ల పేర్లు రాసే అలవాటే లేదని కొందరు సర్దిచెబుతారు. అది పూర్తి నిజం కాదు. అదే డచ్చివాళ్లు, అదే ఆంస్టర్‌డామ్‌లో, 1678 నుంచి 1693 దాకా మలబారు మొక్కల మీద పన్నెండు సంపుటాలు అచ్చువేశారు. దాన్ని తయారుచేయించిన కొచ్చి డచ్చి అధికారి వాన్ రీడ్, తనకు మొక్కల గుణాలు చెప్పిన ఈళవ వైద్యుడు ఇట్టి అచ్యుతన్ ధ్రువీకరణను ఆయన లిపిలోనే అచ్చువేయించాడు. మరో ముగ్గురు కొంకణి వైద్యుల పేర్లు కూడా అందులో ఉన్నాయి. రాయాలనుకుంటే రాయవచ్చునని దీంతో తెలుస్తోంది. అయితే అక్కడ కూడా అడవిలోకి వెళ్లి చెట్లెక్కి కొమ్మలు తెచ్చినవాళ్ల పేర్లు లేవు.

సురినామ్‌లోనే ఒక బానిస పేరు శాస్త్రంలోకి ఎక్కింది. క్వాసీ అనే ఆఫ్రికా వైద్యుడు జ్వరానికి వాడిన చేదుకర్రకు లిన్నేయస్ క్వాసియా అని పేరు పెట్టాడు. కానీ ఆ క్వాసీ, పారిపోయిన బానిసల ఊళ్లను పట్టించడంలో డచ్చివాళ్లకు సాయం చేశాడు. సరమాకా ప్రజలు ఆయన్ను ఇప్పటికీ ద్రోహిగానే తలుచుకుంటారు. అంటే ఒక పేరు పుస్తకంలోకి ఎక్కినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు. ఎవరి పేరు, ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని అడగాలి.

మన కొండల దగ్గరికి వస్తే

మెరియన్ చనిపోయిన అరవై ఏళ్ల తర్వాత, విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ వైద్యుడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు వచ్చి, 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. అక్కడి నుంచే ఉత్తర సర్కారు మైదానాల, కొండల మొక్కలను సేకరించాడు. కోరమాండల్ తీరపు మొక్కల గురించి 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాల్లో 300 బొమ్మలతో ఆయన పుస్తకం వచ్చింది. మొక్కల తెలుగు పేర్లను అందులో ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. ఆ పేర్లు చెప్పినవాళ్లు ఎవరో, ఏ ఊరివాళ్లో, ఏ తెగవాళ్లో రాయలేదు. మనం జిగురు తీసి అమ్మే తపసి చెట్టుకు, వేగిస చెట్టుకు శాస్త్రీయ నామం రాసినప్పుడు చివర ఆయన పేరే కుదించి రాస్తారు. విస్తర్లు కుట్టే అడ్డాకు తీగను శాస్త్రంలో బాహీనియా వాలీ అంటారు. బాహీన్ స్విట్జర్లాండ్ అన్నదమ్ముల పేరు, వాల్ కోపెన్‌హాగన్‌లో పనిచేసిన పండితుడి పేరు. రోజూ ఆ ఆకు కోసుకొచ్చే మన ఆడవాళ్ల గుర్తు అందులో ఎక్కడా లేదు.

ఆ పేర్లు మార్చమని ఇప్పుడు పోట్లాడితే పెద్దగా ఒరిగేది లేదు. ఇకముందు రాయబోయేది మాత్రం మన చేతుల్లో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి ఉమ్మడి మేధో హక్కు ఉందని గుర్తించింది. 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థల స్థాయిలో కమిటీలు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఉండాలి. పోడు పట్టాల కోసం మనం చేసిన పోరాటంలో ఈ హక్కు వెనకబడిపోయింది. భూమి కాగితం ఎంత అవసరమో, ఇదీ అంత అవసరం.

యువతీ యువకులు, ఉపాధ్యాయులు కలిసి ఒక పని మొదలుపెట్టవచ్చు. బడిలో ఒక నోటు పుస్తకం పెట్టి, ఊరి చుట్టూ ఉన్న మొక్కలను ఒక్కొక్కటిగా రాయాలి. కోయలో, కువిలో, సవరలో, గోండిలో దాన్ని ఏమంటారో మొదట రాయాలి. తెలుగు పేరు ఆ తర్వాత, శాస్త్రీయ నామం చివర రాయాలి. ఏ కాలంలో పూస్తుంది, ఏ పురుగు దాని ఆకు తింటుంది, ఏ పిట్ట దాని పండు తింటుంది అన్నవి పిల్లలే చూసి రాయగలరు. మెరియన్ పదమూడేళ్ల వయసులో మొదలుపెట్టింది ఆ పనే. ప్రతి మొక్క దగ్గరా ఆ సంగతి చెప్పిన అవ్వ పేరు, తాత పేరు, వాళ్ల ఇంటిపేరు, ఊరు, తేదీ రాయాలి.

ఇంకొక నియమం కూడా పెట్టుకోవాలి. అన్నీ రాయనక్కర్లేదు. వెజ్జుకే తెలిసిన మందులు, ఆడవాళ్లు ఆడవాళ్లకే చెప్పుకునే సంగతులు ఉంటాయి. వాటిని బయటికి చెప్పాలా వద్దా అన్నది చెప్పేవాళ్ల ఇష్టం, ఊరి ఇష్టం. గ్రామసభలో మాట్లాడుకుని, వద్దన్నది వదిలేయాలి. సురినామ్ స్త్రీలు యాత్రికురాలికి తమ బాధ చెప్పారు. ఆ మాటను ఏ పుస్తకంలో, ఏ పేరుతో, ఎవరి కోసం రాయాలో తేల్చే అధికారం వాళ్లకు లేదు. మన గ్రామసభకు చట్టం కొంత అధికారం ఇచ్చింది. బడిలో ఆ నోటు పుస్తకం తెరిచే ముందు దాన్ని వాడుకోవడం నేర్చుకుందాం.